ఏడో లైను

వహీద్ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగే హక్కున్న ఇంటివాళ్లకు నా మొహం చూడటమే ఇష్టం ఉండకపోవచ్చు. అయినా రాస్తున్నాను. నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో, పేరెందుకు లెండి, ముప్పై మూడేళ్లు గుమస్తాగా పనిచేశాను. ఎందరివో సర్వీసు పుస్తకాలు నా చేత్తో రాశాను. వహీద్‌కు మాత్రం సర్వీసు పుస్తకమే లేకుండా పోయింది. లేకుండా చేసింది నేను. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతాది రాయడం తేలిక.

అతనిది కట్టంగూర్. తండ్రి పీర్ మహమ్మద్‌కు హైవే పక్కన సైకిళ్లు బాగుచేసే డబ్బా ఉండేది. తల్లి ఇక్బాల్ బీ పాత చీరలతో బొంతలు కుట్టేది. వహీద్ ఇంటర్లో ఉండగా తండ్రి పోయాడు. తల్లి కొడుకును డబ్బాలో కూర్చోనివ్వలేదు. చేతులకు నల్లనూనె అంటని పని చూసుకొమ్మని బస్సెక్కించి నల్లగొండ పంపింది. ఇక్కడ టైపు నేర్చుకున్నాడు. లోయరూ హయ్యరూ రెండూ పాసయ్యాడు. 1988లో మా ఆఫీసులో దినకూలీ మీద టైపిస్టుగా చేరాడు. పని పర్మనెంటు, మనిషి టెంపరరీ. సర్కారు ఆఫీసుల్లో ఇలాంటి వాళ్లు లేకపోతే ఒక్క ఫైలు కదలదని అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

1991లో మా ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. దానికొక గది, గదికొక ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఎండాకాలంలో ఏదో కాగితం సాకు పెట్టుకుని అందరం ఆ గదిలోకి పోయేవాళ్లం గానీ, ఆ పెట్టె ముందు కూర్చోమంటే మాత్రం ఒక్కడూ ముందుకు రాలేదు. ఏదన్నా నొక్కితే చెడిపోతుందనీ, చెడిపోతే జీతంలో కోస్తారనీ భయం. ఆఫీసరు మంజులత మేడమ్ చూసి చూసి, "వహీద్, నువ్వు నేర్చుకో" అంది. దినకూలీ వాడికి జీతమే లేదు, కోసేదేముంటుందని మేమంతా నవ్వుకున్నాం.

హైదరాబాదు నుంచి నెలకో రెణ్నెల్లకో ఇంజినీరు వచ్చి ఒక పూట ఉండి పోయేవాడు. ఆ పూటలోనే వహీద్ అడగాల్సినవన్నీ అడిగి చేతిపుస్తకంలో తెలుగులో రాసుకునేవాడు. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పెట్టె అతని మాట వినడం మొదలెట్టింది. నల్లటి తెర మీద పచ్చని అక్షరాలు. ఒక మూలన నాలుగు గీతల గుర్తు ఒకటి మినుకు మినుకుమంటూ ఉండేది. ఏం చెయ్యాలో చెప్పు అని మెషిను అడుగుతున్నట్టన్నమాట.

వహీద్ రోజూ పొద్దున చేసే మొదటి పని, ఆ గుర్తు పక్కన netstat -rn అని కొట్టడం. కొట్టగానే ఒక పట్టిక వచ్చేది. అన్నీ అంకెలూ చుక్కలూ. ఒకరోజు నేను ఏసీ కోసం పోయి కూర్చున్నప్పుడు అదేమిటని అడిగాను.

"తొవ్వల పట్టిక సార్," అన్నాడు. "మన మెషిన్ నుంచి ఏడికి కాయితం పంపాలన్నా, తొవ్వ ఎటో ఇండ్లనే ఉంటది. గీ ఎడమ పక్కన ఉన్నది పోవాల్సిన ఊరు. దాని పక్కన ఉన్నది, ముందుగల్ల ఎవరి చేతిల పెట్టాలె అని."

"ఊరి దాకా దారంతా చూపించదా?"

"పూరా తొవ్వ దానికెరుక లేదు సార్. ఇప్పుడు మీరు ఆత్మకూరు పోవాలె. నల్లగొండ బస్టాండుల అడిగితే ఏమంటరు? ముందు మహబూబ్‌నగర్ బస్సెక్కు, ఆడ దిగి అడుగు అంటరు గద. గిదీ గంతే. లైన్ ఉంటే పోతది. లేకుంటే కాయితం ఈడనే పడి ఉంటది."

"పడి ఉందని చెప్తుందా?"

"చెప్పది సార్. అదే దీనితోని తక్లీఫ్. ఊకుంటది. అందుకే పొద్దుగాల్ల లేచి నేనే చూసుకుంట."

కరెంటు పోయి మెషిను ఆగి మళ్లీ లేచినప్పుడల్లా ఆ పట్టికలో చేత్తో వేసిన లైన్లు పోయేవి. మళ్లీ వెయ్యాలి. అందుకని ఇంజినీరు ముఖ్యమైన ఆరు లైన్లను, మెషిను లేవగానే వాటంతటవే వచ్చేలా లోపల రాసిపెట్టి పోయాడు. వహీద్ ఒక కాగితం మీద స్కెచ్ పెన్నుతో "ఆరు లైన్లు ఉండాలె" అని రాసి గోడకు అంటించాడు. మెషిను లేపడం, కాగితం పంపడం, లైన్లు లెక్కపెట్టడం, ఈ మూడూ నాకు నేర్పాడు. తను లేనప్పుడు ఒకరుండాలని మేడమ్ ఆర్డరు. నేను నేర్చుకున్నాను గానీ మనసు పెట్టలేదు. పదిహేనేళ్ల సర్వీసున్న సీనియర్ అసిస్టెంటును, దినకూలీ వాడి దగ్గర పాఠమేమిటని లోపల మంటగా ఉండేది. ఆ మంట సంగతి అప్పుడు నేను ఒప్పుకునేవాణ్ని కాదు.

వహీద్‌కు అప్పటికి పెళ్లయింది. భార్య అజీజా బేగం, ఒక చిన్న ఆడపిల్ల. పాతబస్తీ వైపు రెండు గదుల కిరాయి ఇల్లు. తల్లి వీళ్ల దగ్గరే ఉండేది. ఆమె కూతురు, వహీద్ అక్క షరీఫున్నీసాను నారాయణపేటలో ఇచ్చారు, అల్లుడిది చీరలు నేసే పని. ఇక్బాల్ బీ ఏటా కొన్నాళ్లు అక్కడికి పోయి వచ్చేది. ఆఫీసుకు కొడుకు అన్నం మరిచిపోయి వస్తే ఆమే నడుచుకుంటూ తెచ్చేది. నేను కనపడితే చాలు, "సార్, మా పోరడు ఎప్పుడు పర్మనెంట్ అయితడు?" అని అడిగేది. ఆ మాట ఆ ఇంట్లో దువా లాంటిది. పర్మనెంటు అయితే పిల్లను మంచి బడిలో వేస్తారు. పర్మనెంటు అయితే తల్లి కంటికి ఆపరేషను. పర్మనెంటు ఉద్యోగిని నేను, వినీ వినీ విసుక్కునేవాణ్ని. ఎద్దు పుండు కాకికి నొప్పా?

1994లో ఆ మాట నిజమయ్యే రోజు వచ్చింది. 1993 నవంబరు నాటికి ఐదేళ్లు నిండిన దినకూలీలను పర్మనెంటు చెయ్యమని పైనుంచి ఉత్తర్వు. మా జిల్లా నుంచి పేర్లు పోయాయి, అందరివీ ఓకే అయ్యాయి, వహీద్ పేరు ఒక్కటి ఆగింది. అతని మొదటి ఏడాది హాజరు పట్టీని చెదలు తినేశాయి. ఆ ఏడాది అతను పనిచేసినట్టు మా ఆఫీసరు ధ్రువీకరిస్తూ ఉత్తరం పంపాలి. శుక్రవారం సాయంత్రం ఐదు లోపల, కంప్యూటరు మీదే పంపాలి, తపాలాలో వచ్చినవి చూడం అని హైదరాబాదు నుంచి కబురు. కొత్తగా మెషిన్లు వచ్చిన మురిపెం వాళ్లది. సిబ్బంది విషయాలు చూసే సెక్షనుకు అక్కడ వేరే మెషిను పెట్టారు. దానికి దారి మా ఆరు లైన్లలో లేదు. ఇంజినీరు ఫోనులో చెబితే వహీద్ ఏడో లైను చేత్తో వేశాడు. వచ్చే నెల వచ్చినప్పుడు పక్కాగా రాస్తాను, అప్పటిదాకా కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ వేసుకోమన్నాడు ఇంజినీరు.

మేడమ్ క్యాంపులో ఉంది, బుధవారం మధ్యాహ్నానికి వస్తుంది. ఉత్తరం నేను రాసి సిద్ధంగా పెట్టాను. ఇక్కడొక రివాజు చెప్పాలి. ఆఫీసుల్లో తన ఫైలు తాను ముట్టకూడదు. ముట్టుకుంటే ఏదో దిద్దుకున్నాడంటారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా. అందుకని ఆ మెషిను తెలిసిన ఒకే ఒక్కడు, ఆ ఒక్క ఉత్తరానికి చెయ్యి పెట్టకూడదు. సంతకం కాగానే నేను కొట్టి నేను పంపాలి.

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసు ఫోను మోగింది. నారాయణపేట నుంచి వహీద్ బావ. ఇక్బాల్ బీ కూతురింట్లోనే తెల్లారుజామున పోయింది. నాలుగు రోజుల కిందటే నవ్వుకుంటూ బస్సెక్కిన మనిషి.

వహీద్ ఫోను పెట్టేసి కాసేపు గోడకు ఆనుకున్నాడు. తర్వాత నేరుగా మెషిను గదిలోకి పోయాడు. ఏం చేస్తున్నాడో అని నేను తలుపు దాకా పోయి చూశాను. ఏడుస్తూనే ఆ పట్టిక తెప్పించి, వేలితో ఒక్కో లైనూ లెక్కపెడుతున్నాడు. బయటికొచ్చి నా టేబులు ముందు నిలబడ్డాడు.

"భిక్షపతి సార్, ఏడున్నయ్. కరెంటు పోతే ఆరైతయ్. ఏడోది మళ్ల వెయ్యాలె. ఎట్ల వెయ్యాలెనో రాసి మెషిన్ పక్కన పెట్టిన. గోడ మీది కాయితం పాతది, దాన్ని చూడకుండ్రి. ఏడు సార్."

నేను తపాలా మీద ముద్రలు కొడుతున్నాను. తలెత్తలేదు. "సరే సరే, నాకు తెల్వదానయ్యా? నువ్వు పో, అక్కడ మట్టి చెయ్యకుండ మయ్యత్ ఆపుకొని కూర్చుంటరు," అన్నాను. తల్లి చచ్చిన మనిషి, తన బతుకు నా చేతిలో పెట్టి పోతున్నాడు. నాకు ఆ నిమిషంలో తోచిందల్లా, వీడు నాకు ఒకే మాట రెండుసార్లు చెప్తాడా అని.

పదకొండుకు కరెంటు పోయింది. రెండు గంటలు రాలేదు. మెషిను బ్యాటరీ కూడా చాలించింది. వచ్చాక నేనే లేపాను. సాయంత్రం నాలుగుకు మేడమ్ సంతకం చేసింది. నేను చెప్పులు విప్పి లోపలికి పోయి కూర్చుని పట్టిక తెప్పించాను. ఆరు లైన్లు. తలెత్తితే ఎదురుగా గోడ మీద "ఆరు లైన్లు ఉండాలె". బాగుంది అనుకున్నాను. ఏడు అన్న మాట చెవిలో పడలేదని అనను. పడింది. ఎక్కడో మెదిలింది కూడా. వహీద్‌కు అన్నిటికీ చాదస్తం అనుకుని ఉత్తరం కొట్టి పంపాను. మెషిను ఏమీ అనలేదు, మళ్లీ ఆ నాలుగు గీతల గుర్తు వచ్చింది. ఇంటికి పోయాను.

గురువారం పొద్దున పదింటికి నారాయణపేట ఎస్టీడీ బూతు నుంచి వహీద్ ఫోను.

"సార్, అమ్మను మట్టిల కలిపినం రాత్రి. సార్, ఉత్తరం పోయిందా?"

"పోయింది. నిన్ననే పంపిన."

"కరెంటు గిట్ల పోయిందా సార్? లైన్లు ఏడున్నయా? జర సూడుండ్రి సార్. లేకుంటే చెప్పుండ్రి, ఇప్పుడే బస్సెక్కుత, పొద్దుగూకేవరకు నల్లగొండల ఉంట. ఉన్నయంటే ఆగుత. రేపు పొద్దున అమ్మ జియారత్ ఉంది."

జియారత్ అంటే మూడో నాడు సమాధి దగ్గర చదివే ఫాతెహా. కొడుకు ఉండాల్సిన రోజు. ఫోను నా టేబులు మీద ఉంది. మెషిను వరండా అవతల గదిలో. చూడాలంటే నేను లేవాలి, తాళం తియ్యాలి, చెప్పులు విప్పాలి. నిన్న చూసింది ఆరని నాకు గుర్తుంది. ఇప్పుడు ఆరంటే, ఇంత చెప్పినా నువ్వు వెయ్యలేదా అన్నట్టు అవుతుంది. దినకూలీ వాడి ముందు తప్పు ఒప్పుకోవాలి.

"ఏడున్నయ్ వహీద్," అన్నాను. "నువ్వు ఫికర్ చెయ్యకు. జియారత్ చూసుకొని నిమ్మలంగా రా."

"అల్లా మిమ్ముల సల్లగ సూడాలె సార్," అన్నాడు.

ఫోను పెట్టాక లేచి పోయి చూసినా సరిపోయేది. ఆ లైను ఎలా వెయ్యాలో రాసిన చీటీ మెషిను పక్కనే ఉంది. ఇంకా ఒకటిన్నర రోజు టైముంది. గోటితో పోయేదది. ఎందుకు పోలేదని నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. పనిలో పడ్డాను, అంతే. అంతకుమించి జవాబు లేదు, అదే నాకు ఇప్పటికీ సిగ్గు.

శనివారం వచ్చాడు వహీద్. గడ్డం పెరిగి ఉంది. నాకు సలాం చేసి మెషిను గదిలోకి పోయాడు. పావుగంటకు తలుపు దగ్గర నుంచి "సార్" అని పిలిచాడు. పోయాను. తెర మీద పట్టిక. ఆరు లైన్లు. దాని కింద, పోకుండా ఆగిన కాగితాల జాబితా. అందులో ఒకటే ఉంది. బుధవారం, నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.

"ఉత్తరం పోలే సార్. ఈడనే ఉంది."

నా నోరు దాని పని అది చేసింది. "ఫోన్ల చెప్పినప్పుడు ఏడే ఉన్నయ్. తర్వాత మళ్ల కరెంటు పోయినట్టుంది," అన్నాను.

వహీద్ ఇంకేదో కొట్టాడు. మెషిను ఎప్పుడెప్పుడు ఆగి లేచిందో అందులో వస్తుందట. ఆ సంగతి నాకు తెలియదు. బుధవారం ఒంటిగంటకు ఒక్కసారి లేచింది. ఆ తర్వాత లేదు.

"ఒక్కసారే పోయింది సార్. మీరు ఉత్తరం పంపేకంటె ముందే."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. ఏడో లైను వేశాడు. ఆగి ఉన్న ఉత్తరం తనంతట తనే కదిలింది. నిమిషం కూడా పట్టలేదు హైదరాబాదు చేరడానికి.

మేడమ్ నిజంగా కష్టపడింది. ఫోన్లు చేసింది, తనే హైదరాబాదు పోయింది. జాబితా శుక్రవారమే పైకి వెళ్లిపోయిందని, మళ్లీ తెరవలేమని చెప్పారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు. ఇక్కడ పూజారిని నేను. ఆలస్యానికి సంజాయిషీ రాయమంటే, గోడ మీది కాగితంలో ఆరు లైన్లు అనే ఉందని, ఏడో లైను సంగతి వహీద్‌కు మాత్రమే తెలుసునని, అతను సెలవులో ఉన్నాడని రాశాను. అన్నీ నిజాలే ఒక్కొక్కటిగా చూస్తే. మేడమ్ చదివి నా మొహంలోకి చూసి సంతకం పెట్టింది. ఫోను సంగతి వహీద్ ఆమెకు చెప్పలేదు. చెబుతాడని వారం రోజులు నిద్ర లేదు నాకు. చెప్పలేదని తెలిశాక హాయిగా నిద్రపోయాను. అలాంటివాణ్ని.

మరో మూడేళ్లు అదే దినకూలీ మీద అదే పని చేశాడు. నన్ను సార్ అనే పిలిచేవాడు, పని మాట తప్ప ఇంకో మాట లేదు. 1997లో జాబితాలో లేని దినకూలీలనందర్నీ తీసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. చివరి రోజు కూడా పొద్దున పట్టిక చూసుకుని, చేతిపుస్తకం మేడమ్ టేబులు మీద పెట్టి పోయాడు. నల్లగొండలో ఇల్లు ఖాళీ చేసి కట్టంగూర్ చేరారని విన్నాను.

1999లో నాకు గుండె జబ్బు చేసింది. దవాఖానలో మంచం మీద పడుకున్నప్పుడు మనిషికి చాలా గుర్తొస్తాయి. లేచి తిరగగలిగాక కట్టంగూర్ బస్సెక్కాను.

హైవే పక్కన అదే డబ్బా. వహీద్ నేల మీద కూర్చుని ట్యూబు నీళ్లలో ముంచి పంక్చరు వెతుకుతున్నాడు. వేళ్లు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేచి, చెయ్యి తుడుచుకుని స్టూలు వేశాడు. అజీజా బేగం వెనక ఇంట్లోంచి చాయ్ తెచ్చింది.

"మీరు చానా కోషిష్ చేసిండ్రట గద సార్," అందామె. "ఈయన చెప్పిండు. కిస్మత్‌ల లేకుంటే ఎవలేం చేస్తరు?"

నేను చాయ్ కప్పు కింద పెట్టాను. ఆమె లోపలికి పోయేదాకా ఆగి, "వహీద్, ఆ రోజు ఫోన్ల నేను చూడకుండ చెప్పిన. ఆరే ఉండె. నాకు ఎరుకే," అన్నాను. ఐదేళ్లు మోసిన మాట, అనేసరికి ఇంత చిన్నదా అనిపించింది. నౌకరి పోగొట్టింది నేనే, నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు అని కూడా అన్నాను.

అతను ట్యూబు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. పంక్చరు పడ్డ చోట గీకి ప్యాచీ అంటించాడు.

"నౌకరి కాదు సార్," అన్నాడు. "నౌకరి పోతే పోయింది, రెక్కలున్నయ్, బతుకుతున్నం. మా అమ్మ జియారత్‌ల కూసున్న గద, మీరు ఏడున్నయన్నరని ఖుషీగ కూసున్న. అమ్మా, నీ దువా ఫలించింది, నేను పర్మనెంట్ అయిన అని ఆమె మట్టి మీద చెయ్యి వెట్టి చెప్పిన సార్. అబద్ధం చెప్పిన ఆమెకు."

నేనేదో అనబోయాను.

"మళ్ల పోయి కాదని ఎట్ల చెప్పాలె?" అన్నాడు. "ఐదేండ్లాయె. ఇంతవరకు అమ్మ గోరి కాడికి పోలే నేను."

సైకిలు యజమాని వచ్చి, అయిందా అని అడిగాడు. వహీద్ ట్యూబు చక్రంలో పెట్టి గాలి కొట్టడం మొదలెట్టాడు. నేను స్టూలు మీద నుంచి లేచాను. అతను తలెత్తలేదు. రోడ్డు దాటి నల్లగొండ బస్సు కోసం నిలబడ్డాను.